పన్నెండు ఈగలు

ఫర్వానియా,
20 ఆగస్టు 1990, సోమవారం.

రామాంజనేయులుకు,

నువ్వు మనిషివా, గాలానికి గుచ్చిన ఎరవా? మిగతా జాబు తర్వాత చదువు. ముందు దీనికి జవాబు చెప్పు.

ఇరాకు సైన్యం ఈ దేశంలో దిగి పద్దెనిమిది రోజులైంది. మా గదిలో పద్నాలుగు మందిమి ఉన్నాం. పూటకో ఖుబూజ్ రొట్టె దొరికితే దేవుడు కనికరించినట్టు. శుక్రవారం మా మేడ మీద నా పురాణం వినడానికి వచ్చే కడపవాళ్ళందరి పేర్లూ పట్టీ రాస్తున్నాను. బస్సులు బస్రా మీదుగా బాగ్దాదుకు, అక్కణ్ణుంచి జోర్డానులోని అమ్మానుకు పోతున్నాయి. అమ్మానులో మన విమానాలున్నాయి. పట్టీలో పదకొండో పేరు నాది, పన్నెండోది నీది. బస్సు సెప్టెంబరు తొమ్మిదిన. పాస్‌పోర్టు కఫీల్ ఇనపపెట్టెలో ఉందని సాకు చెప్పొద్దు. లేనివాళ్ళకు ఎంబసీవాళ్ళు కాగితం రాసిస్తున్నారు.

ఆ కఫీల్, నువ్వు బాబా బాబా అని పిలిచే ఆ యజమాని, ఇప్పుడెక్కడున్నాడు? జులైలోనే పెళ్ళాం పిల్లలతో చల్లటి దేశం పోయి, మోకాలి లోతు ఏట్లో నిలబడి ట్రౌట్ చేపలు పడుతున్నాడు. ఆయన గాలానికి ఉన్నది నువ్వు కట్టిన ఈగ. కోడి ఈక, దారం, కొక్కెం. చేప నిజం ఈగే అనుకుని నోరు తెరుస్తుంది. స్వామి ఎత్తిన మొదటి అవతారమే చేప. ప్రళయంలో పడవను లాగి జీవులను గట్టెక్కించింది చేప. ఇప్పుడు ప్రళయం నీ గుమ్మం ముందు ఉంటే నువ్వు చేపకు మోసం కడుతూ కూర్చున్నావు. ఆ ఖాళీ ఇంటికి కాపలా ఎందుకురా? "నేనొచ్చేదాకా ఇల్లు నీదే" అని ఆయన ఒక మాట అన్నాడు. ఆ మాట ఈక. దాని కింది కొక్కెం నీకు కనబడలేదు.

"నా తమ్ముణ్ణి కువైటుకు తీసకపోయింది నువ్వేగదా, ఏడీ?" అని మీ అక్క రెడ్డెమ్మ నిలదీస్తే నేనేం చెప్పాలి?

ఈ జాబు ఆసియా బీ తెస్తుంది. మీ వెనక వీధి ఇంట్లో వంట చేసే రాయచోటి ఆవిడే. మా మేడలోనే ఉండే చెల్లెల్ని చూడ్డానికి రొట్టెల బండిలో వస్తూ పోతూ ఉంది. ముసలిదని చెక్‌పోస్టుల్లో ఆమెను తడమరు. తిరుగు బండిలో నువ్వూ ఎక్కు.

నీ బావ
నరసింహులు


సాల్మియా,
23 ఆగస్టు, గురువారం.

బావకు దండాలు.

నీ జాబు చదివి చాలా రోజులకు నవ్వాను. ఆసియా బీ కూడా నవ్వింది. "మీ బావ కాగితం మీద గూడా అరుస్తాడే అబ్బీ" అంది.

నేను రాలేను బావా. ఎందుకని అడగొద్దు. ఇక్కడ కాగితం చెక్‌పోస్టు దాటి పోవాలి, అక్కడ చదివేవాళ్ళు ఉంటారు. ఖాళీ ఇల్లు అన్నావు. అలాగే అనుకో.

ఈగల గురించి మాత్రం తప్పు రాశావు. నేను కట్టేది మునిగే గాలం కాదు, నీళ్ళ మీద నిలబడే ఈగ. దాన్ని నిలబెట్టేది పుంజు మెడ ఈక. ఆ ఈకకు బిరుసుండాలి, మెరుపుండాలి, నీళ్ళు తాగకూడదు. మొదటిసారి బాబా ఈకల పెట్టె ముందు పెట్టి మంచిదేదో చెప్పమంటే కళ్ళు మూసుకుని తడిమి తీశాను. పందెం పుంజుల మెడలు తడిమి పెరిగిన చెయ్యి గదా! ఆయన ఆశ్చర్యపోయాడు. ఎర్ర పుంజు డేగ, నల్లది కాకి అని మన పేర్లు నేర్పాను. ఆయన నోట "దేగా, దేగా" అని వింటే నువ్వు కూడా నవ్వేవాడివి.

ఒక్క పని చేసిపెట్టు. మీ గదివాడు నాగేశ్వర మేడ మీద సాకుతున్న డేగ ఉందిగదా, దాని మెడ ఈకలు ఒక ఇరవై పంపించు. ఇక్కడి పెట్టెను మొన్న సైనికులు మెట్ల మీద కుమ్మరించి బూట్లతో తొక్కేశారు. ఈకలు తొందరగా కావాలి.

అక్కకు చెప్పాల్సింది నేనే చెప్పుకుంటాను.

రామాంజి


ఫర్వానియా,
26 ఆగస్టు, ఆదివారం.

రామాంజీ,

ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినవాడి గురించి విన్నాను. కోడి ఈకలు అడిగినవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను.

ఇవ్వనని చెప్పాను. ఆసియా బీ నాకు తెలియకుండా మేడెక్కి, నాగేశ్వరను బతిమాలి, ఇరవై పెరికించుకుంది. నేను పోయేసరికి పుంజు ఒక పక్క మెడ బోసిగా పెట్టుకుని నావైపు చూస్తోంది. నాగేశ్వరేమో "పోనీలే స్వామీ, నోరు తెరిచి అడిగినాడు, మళ్ళా మొలుస్తాయిలే" అంటాడు. వాణ్ణీ తిట్టాను, పుంజునూ తిట్టాను.

అసలు సంగతి అడుగుతున్నాను. రొట్టెల బండి డ్రైవరు చెప్పాడు. మీ గేటు ముందు రోజూ ఇరాకు జీపు ఆగుతుందట. వాళ్ళ నకీబు, అంటే కెప్టెన్, లోపల కూర్చుని నీ చేతి టీ తాగుతాడట. నువ్వు ఎదురుగా కూర్చుని వాడికి ఈగలు కట్టి చూపిస్తావట. నిజమా? అందుకా నీకు ఈకలు? ఇళ్ళు దోచేవాడికి టీ పోసే చెయ్యి నా పెళ్ళాం పుట్టింటి చెయ్యి అని చెప్పుకోవాలా నేను? విభీషణుడు సొంతవాళ్ళను విడిచి అవతలి పక్షంలో చేరాడు, నిజమే. కానీ ధర్మం అటు ఉందని చేరాడు. నువ్వు ఎవరి పక్కన చేరావు, దేనికోసం చేరావు?

మొన్న శుక్రవారం నీ పేరెత్తకుండా నీ కథే చెప్పాను. అందరికీ అర్థమైంది. ఒకరిద్దరు తలలు దించుకున్నారు. నేను దించుకోలేదు, ఎందుకంటే చెప్పేవాణ్ణి నేనే గదా.

వచ్చే ఆదివారం లోపల నువ్వు రాకపోతే పన్నెండో పేరు కొట్టేస్తాను. రెడ్డెమ్మ తమ్ముడివని చూడను. ఖలాస్.

నరసింహులు


సాల్మియా,
30 ఆగస్టు, గురువారం.

బావా,

ఈ జాబు ఆసియా బీ బుర్ఖా అంచులో కుట్టుకుని తెస్తుంది. అందుకే ఈసారి దాచకుండా రాస్తాను.

ఇల్లు ఖాళీ కాదు. బాబా తల్లి మేడ మీద వెనక గదిలో ఉంది. మేం పెద్ద మామా, అంటే పెద్దమ్మగారు, అంటాం. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడి పక్కా మాటా పడిపోయాయి. ప్రయాణానికి తట్టుకోదని, నెలలో తిరిగొస్తామని వాళ్ళు ఆమెను వదిలి పోయారు. చూసుకునే మనిషి సైన్యం దిగిన మూడో రోజే వెళ్ళిపోయింది. ఇప్పుడు ముద్ద మెత్తగా కలిపి పెట్టేది నేనే, పక్క మార్చేది నేనే. బాబా ఇక్కడి ప్రభుత్వంలో పెద్ద ఉద్యోగి. అలాంటివాళ్ళ ఇంటివాళ్ళు దొరికితే పట్టుకుపోతున్నారని వీధంతా చెప్పుకుంటోంది. ఆమె కూతురి ఇల్లు రిగ్గైలో, మీ ఫర్వానియా పక్కనే. ఎలాగైనా అక్కడికి చేరిస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటామని కబురు పంపారు. మధ్యలో ఉన్నవన్నీ చెక్‌పోస్టులే.

ఇక నకీబు. ఇల్లు వెతకడానికి వచ్చినవాడు బల్ల మీద ఈగను చూసి ఆగిపోయాడు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఉత్తరాన కొండవాగులకు చేపల వేటకు తీసుకుపోయేవాడట. తుపాకి గోడకు ఆనించి కూర్చుండిపోయాడు, మేడెక్కలేదు. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆయన కింద కూర్చున్నంతసేపు ఇంకో సైనికుడు గుమ్మం తొక్కడు. టీ అందుకు బావా. ఒకరోజు పైనుంచి దగ్గు వినబడింది. ఎవరన్నాడు. "మా ముసలమ్మ, హిందీ మనిషే, ఇండియా నుంచి నాతో వచ్చింది" అన్నాను. మెట్ల వైపు చూశాడు, చేతిలోని ఈగ వైపు చూశాడు. ఇంకో కప్పు టీ పొయ్యమన్నాడు.

ఇప్పుడాయన్ని మీ ఫర్వానియా చుట్టుకూడలి దగ్గరి చెక్‌పోస్టుకు మార్చారు. పోతూ చెప్పాడు: "ఎర్ర ఈగలు పన్నెండు కట్టి ఆదివారం పొద్దునకల్లా పంపు. నీకూ నీ ముసలమ్మకూ దారి కాగితం రాసిస్తాను." నేను ఆమెను వదిలి కదలలేను. సైనికుడి ఎదుట నిలబడాలంటే ఆసియా బీకి వణుకు. నీకు అరబ్బీ వచ్చు, భయం తెలీదు. అగ్గిపెట్టెలో పన్నెండూ ఉన్నాయి. నాగేశ్వర డేగ ఈకలే. నకీబు చేతికిచ్చి కాగితం తీసుకో.

ఎవరి పక్కన చేరావని అడిగావు. ముద్ద కోసం నోరు తెరిచే మనిషి పక్కన.

రామాంజి


ఫర్వానియా,
2 సెప్టెంబరు, ఆదివారం.

రామాంజీ,

ఏ నోటితో చెప్పను? కాల్చేశాను.

నిన్న ఆసియా బీ ముందు అగ్గిపెట్టె నా చేతికిచ్చి, బుర్ఖా అంచు విప్పి జాబు తేవడానికి తన చెల్లెలి గదికి పోయింది. అరగంట. ఆ అరగంట ఆగే గుణం నాకు లేకపోయింది. పెట్టె తెరిచాను. పుంజు ఈక, ఎర్ర దారం, మైనం, ఏదో బొచ్చు, ఇనప కొక్కెం. అలాంటివి పన్నెండు. నాగేశ్వర వెనక్కి గెంతి, "స్వామీ, చేతబడి! నా పుంజు ఈకలు తీసకపోయి నా మీదికే పంపినారు!" అని కేక పెట్టాడు. పద్నాలుగు మందీ లేచి నిలబడ్డారు. నా నియమం నీకు తెలుసు. తాయెత్తయినా నిమ్మకాయైనా మంత్రించిన దారమైనా, మా గదిలోకి వచ్చిందంటే పొయ్యిలోకే. విచారణ లేదు. వేసేశాను. "ప్రహ్లాదుణ్ణి నిప్పే ముట్టలేదు, భక్తుణ్ణి ఈ చెత్త ముడుతుందా" అని ఉపన్యాసం కూడా ఇచ్చాను. అందరూ గోవింద కొట్టారు.

అప్పుడు ఆసియా బీ జాబు పట్టుకుని వచ్చింది. పొయ్యి వైపు చూసింది. "యా అల్లా! పెద్దమనిషీ, ఎంత పని జేస్తివి! అవి ఆ అబ్బి పానాలయ్యా" అని కూలబడింది.

జాబు చదివాను. మళ్ళీ చదివాను. మూడోసారి గదిలోవాళ్ళకు పైకి చదివాను, అరవకుండా.

ఈ పొద్దున ఒట్టి చేతులతో నకీబు దగ్గరికి పోయాను. కాలిపోయాయన్నాను. నమ్మలేదు, అమ్ముకున్నావా అని నవ్వాడు. "గురువారం మధ్యాహ్నం నన్ను బస్రా పంపుతున్నారు. గురువారం పొద్దునకల్లా ఈగలు తెస్తే కాగితం. లేకపోతే మాఫీ, ఏమీ లేదు" అన్నాడు.

పుంజును నేనే ఒళ్ళో పట్టుకుని ఈకలు తీశాను. నాగేశ్వర తలొంచుకుని నిలబడ్డాడు. ఈకలు ఇదిగో. నన్ను నీ నోరారా తిట్టు, కానీ మళ్ళీ కట్టు.

నరసింహులు


సాల్మియా,
4 సెప్టెంబరు, మంగళవారం.

బావా,

అక్షరాలు వంకర పోయాయి. ఎడమ చెయ్యి.

ఆదివారం సాయంత్రం వేరే సైనికులు వచ్చారు. కారు తాళాలడిగారు. కారు ముందే పోయిందని చెప్పినా వినలేదు. ఈగలు కట్టే బల్ల మీదే నా కుడి చెయ్యి పెట్టించి తుపాకి మడమతో కొట్టారు. మూడు వేళ్ళు విరిగాయి. మేడెక్కకుండా పోయారు, అంతే చాలనుకున్నాను. ఆ పూటకు కాగితం చేతిలో ఉండుంటే మేం ఇద్దరం రిగ్గైలో ఉండేవాళ్ళం.

రామాంజికి కోపం రాదంటారు. వచ్చింది బావా. ముప్పై దాటాక అక్షరాలు దిద్దుకున్నావు. ఎవరి సాయమూ లేకుండా పురాణాలు చదివావు. మాకు అర్థాలు చెప్పావు. ఒక మనిషి రాసిన జాబు చేతికి వచ్చేదాకా ఆగాలని వాటిలో ఎక్కడా లేదా? నీ చుట్టూ వినేవాళ్ళే ఉన్నారు, నీకు చెప్పేవాడు లేడు. ఇవాళ నేను చెప్తాను, నువ్వు విను. ఈగలు నువ్వే కట్టాలి.

నీ ఈకలు నీకే తిప్పి పంపుతున్నాను. కొక్కేలు ఇరవై, దారం, మైనం, కుందేలు బొచ్చు కూడా ఉన్నాయి. నువ్వు వడ్రంగి పనిలో చెక్క బిగించే వైసులో సన్న పటకారు బిగించి, దాని మూతిలో కొక్కెం వంపును పట్టించు. దారానికి మైనం రుద్దు. కొక్కేనికి తాడు తగిలించే కన్ను ఉంటుంది. దాని వెనక నుంచి మొదలుపెట్టి వంపు దాకా చుట్టు పక్కన చుట్టు వెయ్యి. ఒకదానిమీద ఒకటి ఎక్కితే విప్పి మళ్ళీ వెయ్యి. ఈక నుంచి అయిదారు పోగులు లాగి, కొక్కెం కాడంత పొడవు వెనక్కి నిలబడేటట్టు కట్టు. అది తోక. మైనం దారానికి బొచ్చును పలచగా, చాలా పలచగా పేనుకుని ముందుకు చుట్టు. అది ఒళ్ళు.

ఇక్కడే అందరూ చెడగొడతారు. ఒళ్ళును కన్ను దాకా తీసుకుపోవద్దు. ముందు మూడో వంతు చోటు వదులు. ఆ చోటు లేకపోతే ఈకకు నిలవ నీడ ఉండదు.

కొక్కెం వెడల్పుకు ఒకటిన్నర రెట్లు పొడవు పోగులున్న ఈక ఎంచుకో. అడుగున మెత్తటి నూగు పీకెయ్యి, అది నీళ్ళు తాగుతుంది. కాడను కట్టి, కొనను బట్టల క్లిప్పుతో పట్టుకుని, వదిలిన చోటులో నాలుగైదు చుట్లు తిప్పు. పోగులు చుట్టూ చక్రంలా విచ్చుకోవాలి. కొన కట్టి కత్తిరించు. కన్ను వెనక దారంతో మూడు ముడులు, వాటి మీద సూది మొనతో వార్నిష్ చుక్క. కన్ను మూసుకుపోకూడదు.

నీళ్ళలో వేసి చూడు. పోగుల కొనల మీద, కాలివేళ్ళ మీద లేచినట్టు నిలబడితే ఈగ. పడుకుంటే చెత్త. నకీబు చెత్త తీసుకోడు.

రామాంజి


ఫర్వానియా,
6 సెప్టెంబరు, గురువారం, పొద్దున తొమ్మిది.

రామాంజీ,

ఉపన్యాసం లేదు. జరిగింది విను.

మంగళవారం మధ్యాహ్నం మేడ మీద వైసు బిగించి కూర్చున్నాను. మేకులు కొట్టే వేళ్ళు నావి. మొదటి కొక్కెం దారం తెంచింది. రెండోది బొటనవేలిలో దిగింది. మూడోది తయారైంది. బకెట్లో వేస్తే రాయిలా మునిగింది. నాగేశ్వర అన్నాడు: "స్వామీ, అది ఈగ గాదు, ఎలుగుబంటి." ఎవరూ నవ్వడానికి సాహసించలేదు. నేనే నవ్వాను. అప్పుడు అందరూ నవ్వారు.

నిన్న పొద్దుటికి నాలుగు కట్టాను. నాలుగింటికీ కన్ను మూసుకుపోయింది. చోటు వదలమని నువ్వు రాశావు, నేను చదివాను, అయినా చెయ్యి కన్ను దాకా పోతుంది. నా నోరు కూడా అంతేగదరా! ఎదుటివాడి మాటకు ఇంత చోటు వదలకుండా కన్ను దాకా నింపేశాను ఇన్నాళ్ళూ. ఆ నాలుగూ బ్లేడుతో విప్పి మొదటికి వచ్చాను. చేతబడి అని కేక పెట్టిన నాగేశ్వరే ఒక్కొక్క ఈకా ఎంచి చేతికిచ్చాడు. గోవింద కొట్టినవాళ్ళు వంతులవారీగా దారం పట్టారు. నిన్న సాయంత్రం ఎండ దిగేలోగా పదమూడు కట్టాం. బకెట్లో వేస్తే వాటిలో పన్నెండు నీళ్ళ మీద నిలబడ్డాయి. పుంజు మెడ మీద ఒక్క ఈక మిగల్లేదు, అయినా కూస్తూనే ఉంది.

ఈ పొద్దున ఏడింటికి నకీబు ముందు నిలబడ్డాను. స్టీలు పళ్ళెంలో నీళ్ళు పోసి ఒక్కొక్కటే వేసి చూశాడు. పదకొండోది ఒక పక్కకు ఒరిగింది. వేలితో ఊదినట్టు తాకాడు, అది లేచి నిలబడింది. ఈ ఈగలు కట్టిందెవరన్నాడు. నేనన్నాను. నా వేళ్ళ మీది కట్లు చూశాడు. "అతనికేమైంది?" అన్నాడు. మీవాళ్ళు చెయ్యి విరగ్గొట్టారని అతని మొహం మీదే చెప్పాను. అతను కాగితం మీద సంతకం పెట్టి ముద్ర కొట్టాడు.

కాగితం ఇందులోనే ఉంది. హిందీ కూలివాడు ఒకడు, వాడి ముసలి తల్లి. చెల్లేది ఈ ఒక్క రోజే, మధ్యాహ్నం మూడింటి దాకా. ఆ తర్వాత ఆ సంతకం బస్రాలో ఉంటుంది, ఇది చిత్తు కాగితం.

ఆసియా బీ తన రెండో బుర్ఖా తెస్తోంది. పెద్ద మామాకు అది తొడుగుతుంది. దారిలో ఎవరడిగినా మాట పడిపోయిన మనిషి, జవాబు ఆసియా బీ చెప్తుంది. తనకు వణుకు పోయిందని చెప్పమంది. "నువ్వు ఈగలు కట్టగా లేంది, నేను రెండు మాటలు చెప్పలేనా?" అంటోంది. రిగ్గై మలుపులో నేను నిలబడి ఉంటాను. ఆమెను కూతురి చేతిలో పెట్టి, నీ చేతికి కట్టు కట్టించి, ఆదివారం బస్సెక్కుదాం. పట్టీలో పన్నెండో పేరు నేను కొట్టెయ్యలేదు. కొట్టేస్తానని అరిచానంతే.

మొసలి నోట్లో పడి ఏనుగు పిలిస్తే స్వామి ఆయుధం కూడా అందుకోకుండా బయలుదేరాడని వందసార్లు చెప్పాను. ఇవాళ ఆ కథ చెప్పను. నువ్వు చేసి చూపించు.

జాబు చివరిదాకా చదివావా? ఇప్పుడు పొయ్యిలో వెయ్యి, కాగితం ఒక్కటి జేబులో పెట్టుకో. తలుపులు వెయ్యొద్దు, పెట్టెలు సర్దొద్దు, చెప్పులు వెతకొద్దు. బండి మీ గేటు ముందే ఆగి ఉంది. మేడెక్కు. ఆమెను వీపున ఎత్తుకో. ఎడమ చెయ్యి చాలు. ఇవాళే రామాంజీ, ఈ గడియే. యల్లా, లే!

నీ బావ